తేగ నడుము

మా ఇంట్లో తొమ్మిదేళ్ళుగా పెరుగుతున్న డాక్స్‌హండ్ జాతి కుక్కకు తేగ అని పేరు పెట్టింది మా అబ్బాయి. చలికాలంలో రాజమహేంద్రవరం వీధుల్లో కట్టలు కట్టి అమ్మే కాల్చిన తేగల్లాగే సన్నగా, పొడుగ్గా, ముదురు గోధుమ రంగులో ఉన్న ఆ రెండు నెలల పిల్లను ఒళ్ళో పెట్టుకోగానే వాడి నోట ఆ మాట వచ్చేసింది. మేము వేరే పేరు వెతకలేదు. ఈ మధ్య మా కళాశాలలో నాతో పనిచేసే ఒకావిడ, "డాక్స్‌హండ్ చిన్న కుక్కే కదండీ, మా ఫ్లాటుకు సరిపోతుంది, పెద్దగా శ్రమ కూడా ఉండదనుకుంటాను" అన్నారు. ఆ మాటకు నేను ఒక్క వాక్యంలో జవాబు చెప్పలేకపోయాను. తొమ్మిదేళ్ళలో మేము నేర్చుకున్నదాన్ని ఆమెకు ఆ సాయంత్రం గంటసేపు చెప్పాను. అదే ఇక్కడ కొంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఈ కుక్క ఆ ఆకారంలో ఎందుకు ఉందో తెలుసుకోవాలి. జర్మన్ భాషలో డాక్స్ అంటే బ్యాడ్జర్, హుండ్ అంటే కుక్క. బ్యాడ్జర్ నేలలో లోతైన బొరియలు తవ్వుకుని బతికే బలమైన జంతువు. ఆ బొరియలోకి దూరి, చీకట్లో ఒంటరిగా దాన్ని ఎదుర్కొని, పైన ఉన్న వేటగాడికి వినబడేలా మొరిగేందుకు తరతరాలుగా ఏరి పెంచిన జాతి ఇది. పొట్టి కాళ్ళు, పొడుగు నడుము, లోతైన ఛాతీ, మట్టి తవ్వే వెడల్పాటి ముందు పాదాలు, శరీరానికి మించిన గొంతు అన్నీ ఆ పని కోసం వచ్చినవే. జర్మనీలో ఈ జాతి సంఘం 1888లోనే ఏర్పడింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కు చిహ్నంగా నిలిచిన వాల్డీ కూడా డాక్స్‌హండే. మన దగ్గర అమ్మేవాళ్ళు చాలామంది దీన్ని 'డ్యాష్ హౌండ్' అంటారు. ఆ పేరు విని వేగంగా పరుగెత్తే కుక్క అని కొందరు అనుకుంటారు కానీ, ఇది నేలను అంటిపెట్టుకుని ముక్కుతో, పంజాలతో పని చేసే కుక్క.

ఆ కాళ్ళు పొట్టిగా ఉండటానికి కారణమైన జన్యువుతోనే ఈ జాతికి అసలు కష్టం వచ్చింది. ఎముకల పెరుగుదలకు సంబంధించిన ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువుకు అదనపు ప్రతులు ఉండటం వల్లనే ఇలాంటి జాతుల కాళ్ళు పొట్టిగా మిగిలిపోతాయని 2009లో ఒకసారి, 2017లో మరింత స్పష్టంగా శాస్త్రవేత్తలు నిరూపించారు. 12వ క్రోమోజోము మీద ఉండే ప్రతికి, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు త్వరగా చెడిపోవడానికి సంబంధం ఉందని ఆ రెండో పరిశోధనలో తేలింది. డిస్కు లోపల మెత్తటి గుజ్జులాంటి పదార్థం ఉంటుంది. మామూలు కుక్కల్లో అది వయసు మళ్ళే దాకా మెత్తగానే ఉండి కుదుపులను తట్టుకుంటుంది. డాక్స్‌హండ్‌లో మాత్రం మొదటి ఏడాది రెండేళ్ళలోనే అది ఎండి, సున్నంలా గట్టిపడటం మొదలవుతుంది. గట్టిపడిన ఆ పదార్థం ఒకరోజు పైపొరను చీల్చుకుని వచ్చి వెన్నుపామును నొక్కితే నొప్పి, తూలుడు, ఒక్కోసారి వెనక కాళ్ళు పూర్తిగా పడిపోవడం జరుగుతాయి. ఈ జాతిలో ఇంచుమించు ప్రతి నాలుగయిదు కుక్కల్లో ఒకదానికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు కనిపిస్తుంది. అది ఎక్కువగా మూడు నుంచి ఏడేళ్ళ మధ్య వస్తుంది.

తేగకు అయిదో ఏట వచ్చింది. శ్రావణ మాసంలో ఒక ఉదయం నేను వంటింట్లో ఉండగా వెనక నుంచి ఒక చప్పుడు వినిపించింది. రోజూ పాల గిన్నె దింపే వేళకు వాడు గచ్చు మీద టకటకమని అడుగులు వేసుకుంటూ వచ్చేవాడు. ఆ రోజు టకటక లేదు, ఏదో గీసుకుంటున్నట్టు సన్నటి శబ్దం వచ్చింది. తిరిగి చూస్తే వాడి కుడి వెనక పాదం మడతపడి, పాదం పైభాగం నేలకు ఆని, గోళ్ళు టైల్స్ మీద ఈడ్చుకుంటున్నాయి. వీపు విల్లులా పైకి వంగి ఉంది, పొట్ట రాయిలా బిగుసుకుని ఉంది, ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది. పిలిస్తే తల తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పి చూశాడు. అంతకు రెండు రోజుల ముందు నుంచే వాడు సోఫా ఎక్కడానికి వెనకాడుతున్నాడనీ, గిన్నెలోకి తల వంచడానికి ఇష్టపడటం లేదనీ నేను గమనించాను. అజీర్ణం కాబోలు అనుకుని ఊరుకున్నాను. ఆ రెండు రోజులూ నేను పోగొట్టుకున్న సమయమే. అందుకే ఈ సంగతి ఇంత వివరంగా రాస్తున్నాను.

వాడిని పీట మీద దుప్పటి పరిచి, నడుము కదలకుండా పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. డాక్టరుగారు ముందుగా వెనక పాదాన్ని మడిచి పెట్టి, వాడు దాన్ని తనంతట తాను సరిచేసుకుంటాడా అని చూశారు. ఆరోగ్యంగా ఉన్న కుక్క వెంటనే సరిచేసుకుంటుంది. తేగకు మూడు నాలుగు సెకన్లు పట్టింది. తర్వాత వేళ్ళ మధ్య గట్టిగా నొక్కి, నొప్పి తెలుస్తోందా అని చూశారు. తెలిసింది. నడవగలుగుతూ తూలుతున్న దశ కాబట్టి ముందు విశ్రాంతి, మందులతో ప్రయత్నించవచ్చనీ, నడక పోతే మాత్రం ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న చోటుకు వెళ్ళాలనీ చెప్పారు. కాళ్ళు పడిపోయినా లోతైన నొప్పి తెలుస్తున్న కుక్కల్లో శస్త్రచికిత్స తర్వాత చాలా వరకు తిరిగి నడుస్తాయి. ఆ నొప్పి కూడా తెలియని స్థితికి వస్తే, ఒకటి రెండు రోజుల్లోపు శస్త్రచికిత్స చేసినా సగం వరకే కోలుకుంటాయి. కుక్కలకు ఎమ్మారై తీసే సౌకర్యం, వెన్నుకు శస్త్రచికిత్స చేసే నిపుణులు అన్ని ఊళ్ళలో దొరకరు. మామూలు ఎక్స్‌రేలో వెన్నుపాము మీద ఒత్తిడి ఎక్కడుందో కచ్చితంగా తెలియదు. అందువల్ల డాక్స్‌హండ్‌ను పెంచేవాళ్ళు ఆ సౌకర్యం తమకు అందుబాటులో ఎక్కడుందో, అర్ధరాత్రి అవసరమైతే ఎవరికి ఫోను చేయాలో కుక్క ఆరోగ్యంగా ఉన్నప్పుడే విచారించి రాసి పెట్టుకోవాలి.

ఆ తర్వాత ఆరు వారాలు తేగ మడత పెట్టే ఇనుప బోనులోనే ఉన్నాడు. ఆ విశ్రాంతి కుక్కకంటే ఇంట్లో వాళ్ళకు కష్టం. పది రోజులకల్లా నొప్పి తగ్గి వాడు హుషారుగా తోక ఊపుతుంటే, ఇక వదిలేద్దామని అందరికీ అనిపించింది. చీలిన పైపొర అతుక్కోవడానికి వారాలు పడుతుంది, మందు వల్ల నొప్పి తెలియనంత మాత్రాన లోపల మానినట్టు కాదు. రోజుకు నాలుగు సార్లు, మూత్రానికి మాత్రం, పొట్ట కింద తువాలు ఉయ్యాలలా పట్టుకుని అయిదు నిమిషాలు బయట తిప్పి మళ్ళీ లోపల పెట్టేవాళ్ళం. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. మనం ఇంట్లో ఉంచుకునే పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కుక్కకు ఎంత చిన్న ముక్క అయినా మీ అంతట మీరు వేయకండి. అవి కాలేయాన్ని, మూత్రపిండాలను, కడుపును దెబ్బతీస్తాయి. స్టెరాయిడ్ ఇచ్చిన కుక్కకు మరో చోట నొప్పి మందు ఇప్పించడం కూడా ప్రమాదమే. రెండో డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు మొదటి చీటీని తప్పక పట్టుకెళ్ళాలి.

తేగ కోలుకున్నాక ఇంటిని వాడి ఎత్తుకు తగ్గట్టు మార్చాం. నడిచే దారి పొడవునా టైల్స్ మీద రబ్బరు అడుగు ఉన్న పట్టాలు పరిచాం, ఎందుకంటే జారే నేల మీద ఈ కుక్క వెనక కాళ్ళు పక్కలకు జారిన ప్రతిసారీ ఆ మెలిక నడుము మీద పడుతుంది. సోఫాకు, మంచానికి వడ్రంగి చేత వాలుగా ఉండే బల్లలు చేయించి, పైన కొబ్బరి పీచు పట్టా అతికించాం. అడుగు ఎత్తుకు మూడడుగుల పొడవైనా ఉంటేనే ఆ వాలు వాడికి సుఖంగా ఉంటుంది. మేడ మెట్ల దగ్గర చిన్న గేటు పెట్టించాం. మెడకు కట్టే బెల్టు తీసేసి ఛాతీకి తొడిగే హార్నెస్ కొన్నాం, మెడలోని డిస్కులు కూడా ఇదే జబ్బుకు లోనవుతాయి కాబట్టి.

ఎత్తుకునే పద్ధతి మాత్రం మా ఇంటికి వచ్చే ప్రతి ఒక్కరికీ నేర్పుతున్నాను. పసిపిల్లను ఎత్తినట్టు చంకల కింద చేతులు పెట్టి పైకి లేపితే, కింద వేలాడే శరీర బరువంతా నడుము మీద పడుతుంది. ఒక చెయ్యి ముందు కాళ్ళ మధ్య నుంచి ఛాతీ కిందకు, మరో చెయ్యి వెనక కాళ్ళ కిందకు పోనిచ్చి, వీపు నేలకు సమాంతరంగా ఉండేలా ఎత్తి, శరీరానికి ఆనించుకోవాలి. దించేటప్పుడు నాలుగు కాళ్ళూ నేలకు ఆనిన తర్వాతే చేతులు తీయాలి. వాడు ఆఖరి జానెడు ఎత్తు నుంచి దూకబోతాడు, ఆ దూకుడును చేత్తో ఆపాలి. మా పక్కింటి పాప ఎనిమిదేళ్ళది, ఇప్పుడు పెద్దవాళ్ళకంటే పద్ధతిగా ఎత్తుతుంది.

వీటన్నిటికంటే కష్టమైనది బరువు తగ్గించడం. జబ్బు వచ్చిన రోజున తేగ 11.2 కిలోలు ఉన్నాడు. వాడి ఎముక కట్టుకు ఎనిమిదిన్నర, తొమ్మిది కిలోలు దాటకూడదని డాక్టరుగారు అన్నారు. మా ఇంట్లో ఎవరికి వారు వాడికి ఒక్క ముక్కే పెడుతున్నామనుకునేవాళ్ళం. ఉదయం కాఫీతో నేను రెండు మారీ బిస్కెట్లు, టిఫిన్ దగ్గర మావారు ఒక ఇడ్లీ, మధ్యాహ్నం అత్తయ్యగారు పెరుగన్నం ముద్దలు, సాయంత్రం అబ్బాయి మరో రెండు బిస్కెట్లు పెట్టేవాళ్ళం, వాడి అసలు భోజనం దీనికి అదనం. ఆ బరువు కుక్క తగ్గడానికి రోజుకు సుమారు 350 కేలరీలు సరిపోతాయి. ఒక మారీ బిస్కెట్టులో ఇంచుమించు 25 కేలరీలు ఉంటాయి కాబట్టి, మేము లెక్కలోకి తీసుకోని ఆ నాలుగు బిస్కెట్లే వాడి రోజు భోజనంలో పావు వంతుకు పైగా ఉన్నాయి.

అత్తయ్యగారిని ఒప్పించడానికి నాకు చాలా రోజులు పట్టింది. "నోరు లేని జీవం, నా వంక చూస్తుంటే నేను ఎలా తినగలనమ్మా? రెండు ముద్దలు పెడితే ఏమవుతుంది?" అని ఆవిడ అనేవారు. ఒకరోజు ఆవిడ చేతిని తేగ పక్కటెముకల మీద పెట్టించాను. "ఎముకలు తగులుతున్నాయా అత్తయ్యా?" అంటే, "లేదమ్మా, మెత్తగా ఉంది" అన్నారు. "తగలాలండి. పైకి కనబడకుండా, వేలితో తడిమితే తెలియాలి. పై నుంచి చూస్తే పక్కటెముకల వెనక నడుము సన్నబడి కనిపించాలి. ఆ మెత్తదనమంతా వాడి వెన్ను మోస్తున్న బరువే" అన్నాను. ఆవిడ కాసేపు అలాగే చెయ్యి ఉంచి, ఏమీ అనలేదు. మర్నాటి నుంచి వాడి రోజు భోజనంలోంచే ఒక గుప్పెడు పొడి ఆహారపు గింజలు తీసి డబ్బాలో పోసి ఆవిడ దగ్గర పెట్టాను. ఆవిడ తాను తినేటప్పుడు అందులోంచే ఒక్కొక్క గింజ వేసేవారు. వాడికి కావలసింది ఆవిడ చేతి నుంచి అందడమే, పెరుగన్నమే కావాలని లేదు. ఏడు నెలల్లో 8.6 కిలోలకు వచ్చాడు. వారానికి వంద గ్రాముల లోపు తగ్గిందన్నమాట, అంతకంటే తొందరపడటం మంచిది కాదు.

ఇప్పుడు వాడికి రెండు పూటలా కొలిచిన పొడి ఆహారం, దానితో పాటు ఎముక తీసిన ఉడికించిన కోడిమాంసం కొంచెం, ఉడికించిన బీన్స్, గుమ్మడికాయ, కారెట్ పెడతాం. మనం తినే కూర కలిపిన అన్నం అస్సలు పెట్టం. మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి లేనివి అరుదు, అవి రెండూ కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. పరమాన్నంలోని కిస్‌మిస్, ద్రాక్షపళ్ళు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్ పనికిరాదు. వండిన ఎముక పేళ్ళుగా విరిగి పేగుకు గుచ్చుకుంటుంది. వేసవిలో మామిడి టెంకలను మూత లేని బుట్టలో పడేయకండి. ఇంత చిన్న కుక్క మింగిన టెంక పేగులో అడ్డుపడితే కడుపు కోసి తీయవలసి వస్తుంది.

నడుము జబ్బు ఉన్న జాతి అని విని, కొందరు ఈ కుక్కను నడిపించడమే మానేస్తారు. అది పొరపాటు. బ్రిటన్‌లో 2015లో రెండు వేలకు పైగా డాక్స్‌హండ్‌ల జీవన విధానం గురించి యజమానులను అడిగి చేసిన అధ్యయనంలో, తక్కువగా వ్యాయామం చేసే కుక్కల్లోనే డిస్కు జబ్బు ఎక్కువగా కనిపించింది. యజమానులు చెప్పిన వివరాల మీద ఆధారపడిన అధ్యయనం కాబట్టి అది ఒక్కటే రుజువు కాదు కానీ, వెన్నును పట్టి ఉంచేది వీపు, పొట్ట కండరాలే కాబట్టి ఆ మాట నాకు సబబుగానే తోచింది. తేగ ఉదయం అరగంట, సాయంత్రం అరగంట సమతలంగా ఉన్న దారిలో తన వేగంతో నడుస్తాడు. బంతి గాల్లోకి విసిరి పట్టించడం, వెనక కాళ్ళ మీద నిలబెట్టి ఆడించడం మాత్రం పూర్తిగా మానేశాం.

ఇక సంతోషం సంగతికి వస్తాను. డాక్స్‌హండ్ సంతోషం దాని ముక్కులోనూ, ముందు పంజాల్లోనూ ఉందని నా నమ్మకం. మొదటి రెండేళ్ళూ వాడు పెరట్లో గోరింట మొక్క మొదలు తవ్వాడని, పరుపు చించాడని కేకలు వేసేవాళ్ళం. తర్వాత ఒకరోజు గోడ కింద పందికొక్కు బొక్క దగ్గర వాడిని పరిశీలనగా చూశాను. ముక్కు బొక్కలో పెట్టి, కళ్ళు సగం మూసి, రెండు మూడు సార్లు బుస్సుమని ఊపిరి వదిలి, తల పక్కకు వంచి విని, ఆ తర్వాతే తవ్వడం మొదలుపెట్టాడు. ఒక పంజా తర్వాత ఒకటిగా మట్టిని పొట్ట కింద నుంచి వెనక్కి తోసి, మధ్యలో ఆగి మళ్ళీ విన్నాడు. పని తెలిసిన మనిషి పని చేసుకుంటున్నప్పుడు ముఖంలో కనిపించే నిమగ్నత వాడి ముఖంలో ఉంది. అది అల్లరి కాదని, వాడి పుట్టుకతో వచ్చిన పని అని అప్పుడు అర్థమైంది.

అందుకని పెరట్లో ఒక మూల నాలుగడుగుల చదరంలో ఇటుకలు పేర్చి ఇసుక పోయించాం. రోజూ అందులో కారెట్ ముక్కో, వాడి బొమ్మో పాతిపెడతాం. నెల రోజుల్లో గోరింట జోలికి పోవడం మానేశాడు. ఫ్లాటులో ఉండేవాళ్ళు అట్టపెట్టె నిండా నలిపిన కాగితాలు వేసి, అందులో నాలుగు గింజలు దాచవచ్చు. పాత తువాలులో గింజలు చల్లి చుట్ట చుట్టి ఇవ్వవచ్చు. పావుగంట ముక్కుతో వెతికిన తర్వాత ఈ కుక్క గంటసేపు హాయిగా నిద్రపోతుంది. నిద్రకు దుప్పటి తప్పక ఇవ్వండి. మే నెలలో కూడా తేగ దుప్పటి కింద దూరి, ముక్కు ఒక్కటి బయట పెట్టి పడుకుంటాడు.

బొక్కల మీద ఉన్న ఈ ఇష్టమే మన ప్రాంతంలో దానికి ప్రమాదం కూడా తెస్తుంది. ఎలుకలున్న చోటికి పాము వస్తుంది. గోదావరి జిల్లాల్లో రక్తపింజర, తాచు రెండూ ఉన్నాయి, డాక్స్‌హండ్ వెనక్కి తగ్గే కుక్క కాదు. మా పెరట్లో ఎలుక బొక్కలన్నీ కంకరతో పూడ్పించాం, వానాకాలంలో చీకటి పడ్డాక టార్చిలైటు వేసి చూడకుండా వాడిని వదలం. కాటు పడితే కోయడం, కట్టు కట్టడం, నాటు మందు పూయడం వంటివేవీ చేయకుండా, నడిపించకుండా ఎత్తుకుని పాము విషానికి విరుగుడు ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. ఎలుక మూత్రం కలిసిన నీటి గుంటల వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. అది కాలేయాన్ని, మూత్రపిండాలను పాడు చేస్తుంది, కుక్క నుంచి మనిషికి కూడా సోకుతుంది. ఏటా వేయించే టీకాల్లో లెప్టో ఉందో లేదో అడిగి మరీ వేయించండి. రేబిస్ టీకాను జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. ఆ రోజు వరసలో నిలబడటానికి నాకు ఏ ఇబ్బందీ అనిపించదు.

మొరుగుడు గురించి ఫ్లాటులో ఉండేవాళ్ళు బాగా ఆలోచించుకోవాలి. నేల లోపలి నుంచి పైకి వినబడటానికి పెంచిన గొంతు అది, లిఫ్టు తలుపు చప్పుడుకు కూడా మోగుతుంది. కొట్టినా, అరిచినా పెరుగుతుందే తప్ప తగ్గదు. రోజూ పదేసి గంటలు ఒంటరిగా వదిలి వెళ్ళే ఇంటికి ఈ జాతి తగదని నా అభిప్రాయం. మూత్రవిసర్జన అలవాటు చేయడానికి కూడా మిగతా కుక్కలకంటే ఎక్కువ నెలలు పడుతుంది. తేగకు ఏడాది దాటేదాకా పట్టింది. వాన పడితే తడి గడ్డి పొట్టకు తగులుతుందని ఇప్పటికీ గడప దాటడు, గొడుగు పట్టుకుని పక్కన నిలబడాల్సిందే.

పొట్ట నేలకు అంత దగ్గరగా ఉండటం వల్ల గోమార్లు కూడా సులువుగా పడతాయి. వాటి వల్ల వచ్చే ఎర్లీషియా, బబేసియా జ్వరాలు మన దగ్గర చాలా మామూలు. ఆకలి మందగించి, చిగుళ్ళు పాలిపోయి, ముక్కు నుంచి రక్తం వస్తే రక్తపరీక్ష ఆలస్యం చేయకూడదు. డాక్టరు చెప్పిన గోమార్ల మందును నెల తప్పకుండా వాడుతూ, నడక నుంచి రాగానే చెవుల లోపల, వేళ్ళ మధ్య, చంకల్లో వేలితో తడిమి చూస్తాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండకు కాగిన తారురోడ్డు సెగ మనకు మోకాలి దాకా రాకపోయినా, తేగకు పొట్టంతా తగులుతుంది. మా అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే ఆ పూట నడక లేదు. వేసవిలో ఉదయం ఆరులోపు, రాత్రి ఏడు దాటాకే బయటకు తీసుకువెళతాం.

పళ్ళు, చెవులు, గోళ్ళు వారం వారం చూసుకోవాల్సినవి. వీటిలో పళ్ళను అశ్రద్ధ చేసేవాళ్ళే ఎక్కువ. పొడుగు మూతి ఉన్న ఈ జాతిలో పైకోర చిగురు లోపల కుళ్ళి, నోటికీ ముక్కుకూ మధ్య రంధ్రం పడటం కూడా జరుగుతుంది. కుక్కల కోసం చేసిన పేస్టుతోనే తోమాలి. వేలాడే చెవుల్లో తేమ నిలిచి దుర్వాసన వస్తుంటే అది మురికి కాదు, జబ్బు మొదలవుతోందని అర్థం. గోళ్ళు పెరిగితే పాదం సరిగా ఆనక, నడక మారి, చివరకు ఆ భారం కూడా నడుము మీదకే చేరుతుంది.

కొనబోయేవాళ్ళు పిల్లను కాదు, ముందు తల్లినీ తండ్రినీ చూడాలి. వాటికి గానీ, వాటి తోబుట్టువులకు గానీ నడుము జబ్బు వచ్చిందా అని అడగాలి. మచ్చలు మచ్చలుగా ఉండే డాపుల్ రంగు కుక్కలు రెంటిని జతకట్టించి పుట్టించిన పిల్లల్లో చెవుడు, గుడ్డితనం రావచ్చు. అవి అరుదైన రంగు అని ఎక్కువ ధర చెబితే ఆ ఇంటి నుంచి వచ్చేయండి. ఏడాది నిండకముందే సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించిన డాక్స్‌హండ్‌లలో డిస్కు జబ్బు ఎక్కువగా కనిపించిందని బ్రిటన్‌లోనే మరో పరిశీలనలో తేలింది. కాబట్టి ఆ విషయంలో తొందరపడకుండా, ఎప్పుడు చేయించాలో మీ డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి.

తేగ మూతి చుట్టూ ఈ ఏడాది తెల్ల వెంట్రుకలు వచ్చాయి. ఈ జాతి పన్నెండు నుంచి పదహారేళ్ళు బతుకుతుంది కాబట్టి మాకు ఇంకా సమయం ఉంది. పాలగిన్నె దింపే వేళకు నేను ఇప్పటికీ ఒక్క క్షణం చెయ్యి ఆపి, వెనక నుంచి వచ్చే అడుగుల చప్పుడు వింటాను. పట్టాలు పరిచాక టకటక వినబడదు, మెత్తగా నాలుగు పాదాల చప్పుడు వరసగా వస్తుంది. ఈ ఉదయం కూడా వచ్చింది. నా కాలికి మూతి రాసి, అత్తయ్యగారి కుర్చీ దగ్గరకు వెళ్ళి, గింజల డబ్బా ముందు కూర్చున్నాడు.